చెవి వెనక లేని జుట్టు

లిఫ్ట్‌లో ముక్కూ మొహం తెలియని అమ్మాయికి జపనీస్ వ్యాకరణం నేర్పబోయిన మగవాళ్లు ప్రపంచంలో ఎక్కువమంది ఉండరు. ఉన్న ఆ కొద్దిమందిలో మనవాడొకడు.

నిజానికి ఆ అమ్మాయి తన మానాన తాను ఉంది. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, లిఫ్ట్ అద్దానికి చేరగిలబడి, ఎవరో స్నేహితురాలితో జపనీస్‌లో కబుర్లాడుకుంటోంది. "మురి, మురి, మాజి మురి" అంటూ నవ్వుతోంది. మధ్యమధ్యలో మొహం మీదికి జారిన జుట్టును చూపుడువేలితో చెవి వెనక్కి తోసుకుంటోంది. జపనీస్‌లో పెద్ద పరీక్ష పాసై, ఆ సర్టిఫికెట్‌కి లామినేషన్ కూడా చేయించి డెస్కు మీద నిలబెట్టుకున్న మనవాడికి ఆ జపనీస్ వింటుంటే ఒళ్లు మండిపోయింది.

అయినా ఆమె ఫోన్ పెట్టేసేదాకా ఆగాడు. మర్యాదస్తుడు కదా.

"క్షమించండి. ఇందాక మీరన్న వాక్యంలో క్రియ లేదండి."

ఆ అమ్మాయి అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. మడత నలగని చొక్కా. మెడలో ఐడీ కార్డు. ఒంటికి అతుక్కుపోయినట్టు పట్టుకున్న లంచ్ బాక్సు.

"'అది నా వల్ల కాదు' అనడానికి క్రియ కూడా కావాలా? సరే, మీరైతే ఎలా అంటారో చెప్పండి."

మనవాడు గొంతు సవరించుకున్నాడు. అది సాధ్యపడదని తెలియజేయడానికి మిక్కిలి చింతిస్తున్నాను అనే అర్థం వచ్చే జపనీస్ వాక్యాన్ని, మధ్యలో ఊపిరి తీసుకోకుండా, ఒక్క అక్షరం కూడా నలగనివ్వకుండా చెప్పాడు.

"ఈ గొంతు నేనెక్కడో విన్నాను" అందామె కళ్లు చికిలించి. "ఆఁ, రైల్వే స్టేషన్లో! దయచేసి వినండి, రైలు ఆలస్యంగా నడుచుచున్నది. అది మీరేనా?"

లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. ఆమె బయటికి నడుస్తూ చెయ్యి ఊపింది. "ఒత్సు, అనౌన్స్‌మెంట్ గారూ!"

ఒత్సు అంటే మనవాడికి తెలుసు. పని ముగించి వెళ్లేటప్పుడు జపాన్‌వాళ్లు చెప్పుకునే బారెడు మర్యాద మాటని తలా తోకా కోసేస్తే మిగిలే ముక్క అది. ఆ ముక్కతో తన పరువు కూడా కోసి వెళ్లిందని అతనికి రెండు అంతస్తులు పైకి వెళ్లాక గానీ తట్టలేదు.

*

మనవాడి కంపెనీ, గోదాముల్లో పార్సిళ్లు ఏ అరలోకి వెళ్లాలో చెప్పే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తుంది. దాన్ని కొనేది ఒక జపాన్ కంపెనీ. ఇటు మాట అటూ, అటు మాట ఇటూ మోసే మనిషిని ఈ వ్యాపారంలో బ్రిడ్జ్ అంటారు. మనవాడికి ఆ పదవి మీద చాలాకాలంగా కన్నుంది. ప్రస్తుతానికి తాత్కాలికంగా చేస్తున్నాడు. పర్మనెంట్ చేస్తారన్న నమ్మకం అతనికుంది. నమ్మకం మేనేజర్‌కే లేదు.

"నీ భాషలో తప్పేం లేదట" అన్నాడు మేనేజర్ ఆ మర్నాడే, నుదురు రుద్దుకుంటూ. "అదే వాళ్ల బాధ. ప్రతి కాల్‌కీ ముందు కాసేపు వాళ్లు పిచ్చాపాటీ మాట్లాడుకుంటారు కదా? వానలనీ, పిల్లలనీ, కుక్కపిల్లలనీ. అంతా నవ్వుకుంటుంటారట. నువ్వు నోరు తెరవగానే అందరూ బిగుసుకుని నిటారుగా కూర్చుంటున్నారట."

"గౌరవమేమోనండి."

"భయమట. నిన్న వాళ్ల పెద్దాయన ఇంగ్లిష్‌లో మెయిల్ పెట్టి అడిగాడు, మీవాడు మనిషేనా, రికార్డింగ్ వేస్తున్నారా అని."

మనవాడు మెడలో ఐడీ కార్డు సరిచేసుకున్నాడు.

"మూడు నెలలకోసారి జరిగే పెద్ద కాల్‌లో ఈసారి తేల్చేస్తామన్నారు. నువ్వు మామూలు మనిషిలా నాలుగు ముక్కలు మాట్లాడితే బ్రిడ్జ్ నువ్వే. లేదంటే కింద మాన్యువళ్ల గదిలో కుర్చీ ఖాళీగా ఉంది."

మాన్యువళ్ల గది అంటే బేస్‌మెంట్. అక్కడ కూర్చుని, కన్వేయర్ బెల్టులో వేలు పెట్టరాదు అన్న వాక్యాన్ని రిటైరయ్యేదాకా రకరకాలుగా అనువదించుకోవచ్చు. ఆ గదికి కిటికీ లేదు. ఇంతకుముందు అక్కడ పనిచేసినాయన వెళ్లిపోయాడని మిగతావాళ్లకి ఆయన పుట్టినరోజు కేకు అలాగే మిగిలిపోయినప్పుడు తెలిసింది.

మనవాడు మామూలు జపనీస్ నేర్పే మనిషి కోసం బిల్డింగ్ అంతా వాకబు చేశాడు. అందరూ ఒకే పేరు చెప్పారు. కింది అంతస్తులో గేముల కంపెనీ ఉంది. అందులో జపాన్ గేముల్లో బొమ్మలు మాట్లాడుకునే మాటల్ని మన భాషలోకి తెచ్చే అమ్మాయి ఒకర్తి ఉంది. చిన్నప్పటినుంచీ అక్కడి పిల్లలతో ఆన్‌లైన్‌లో గేములాడి, వాళ్లతో తిట్లు తిని, తిట్టి, అలా నేర్చుకుందట. లిఫ్ట్ అద్దానికి చేరగిలబడే అలవాటుంది.

దేవుడికి కూడా వెటకారం ఎక్కువేనని మనవాడికి ఆరోజు అర్థమైంది.

*

"మీరా!" అంది ఆ అమ్మాయి క్యాంటీన్‌లో, కాఫీ కప్పు పైనుంచి చూస్తూ. "ఏ ప్లాట్‌ఫామ్ మీదికి వస్తున్నారు ఇవాళ?"

మనవాడు జరిగిందంతా చెప్పాడు. మాన్యువళ్ల గది దగ్గరికి వచ్చేసరికి ఆమె మొహంలో నవ్వు కాస్త తగ్గింది.

"నేర్పుతాను. కానీ నాకూ ఒక పనుంది. గేముల్లో డైలాగులు పైకి చదివితే గానీ నోట్లో పడతాయో లేదో తెలియదు. ఒక్కదాన్నే అన్ని పాత్రలూ చదువుకుంటుంటే పక్క సీటువాళ్లు నాకు డాక్టర్ నంబర్ ఇస్తున్నారు. మీరు ఎదురు పాత్ర చదవాలి."

"తప్పకుండానండి. మీ సహాయానికి నేను సర్వదా..."

"మొదటి పాఠం" అందామె చెయ్యి అడ్డంపెట్టి. "ఆ 'సర్వదా' మింగేయండి. నీళ్లు కావాలా?"

అలా మొదలయ్యాయి పాఠాలు. క్యాంటీన్‌లో కిటికీ పక్క బల్ల, లంచ్ టైము. బాగుంటే యబాయ్. బాగోకపోతే యబాయ్. బల్లి మీద పడితే యబాయ్, జీతం పెరిగితే యబాయ్.

"అన్నిటికీ ఒకే మాటైతే తేడా ఎలా తెలుస్తుందండి?"

"మొహం చూస్తే తెలుస్తుంది. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల మొహం చూస్తారా మీరు? స్టేషన్ బోర్డు చూస్తారా?"

'నిజమా!' అనడానికి మాజి అంటారని చెప్పినప్పుడు మనవాడు చాలా సీరియస్‌గా, "మాజీ అంటే ఎవరు మాజీ అండి?" అన్నాడు. ఆమె కాఫీ ముక్కులోంచి వచ్చినంత పనైంది. దగ్గుతూ, నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ, జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. తాను ఒక మనిషిని అంతగా నవ్వించడం మనవాడికి జీవితంలో అదే మొదలు. అతను దాన్ని బయటికి కనబడనివ్వకుండా లంచ్ బాక్సు మూతను చాలా శ్రద్ధగా తుడిచాడు.

గేమ్ డైలాగుల దగ్గర మాత్రం తల ప్రాణం తోకకొచ్చేది. రాక్షసరాజు పాత్ర మనవాడిది. లోకాన్ని బూడిద చేస్తానని రంకెలేయాల్సినవాడు, లోకం కాసేపట్లో బూడిదవుతుంది, ప్రయాణికులు సహకరించవలెను అన్నట్టు చదివేవాడు.

"కోపం తెచ్చుకోండి!"

"ఎవరి మీదండి?"

"ఎవరో ఒకరి మీద. మీకు కోపం వస్తే ఇంట్లో ఎలా అరుస్తారు?"

"మెసేజ్ పెడతానండి."

ఆ అమ్మాయి అతనివైపు కొంచెం సేపు చూసింది. ఈసారి వెటకారం లేదు. "మీ సమస్య జపనీస్ కాదు. చనువుగా మాట్లాడాలంటే ముందు చనువున్న మనిషొకరు ఉండాలి. మీకు తెలుగులోనూ ఎవరూ లేరు కదా?"

మనవాడు లంచ్ బాక్సు మూత పెట్టేశాడు. ఆ మాట మాత్రం సాయంత్రం బస్సులో అతనితోపాటే కూర్చుని వచ్చింది.

*

మనవాడు అక్కా బావల ఇంట్లో ఉంటాడు. అక్క ఫిజియోథెరపిస్టు. రోడ్డు మీద నడిచేవాళ్లని చూసి, ఆయనకి ఎడమ మోకాలు, ఆవిడకి నడుము అని చెప్పేయగల మనిషి. ఆవిడ కళ్లముందు తమ్ముడు కాలు కూడా దాచుకోలేడు, ఇంక మనసెంత!

"ఏంట్రా అది?" అంది ఒకరోజు అన్నం దగ్గర.

"ఏది?"

"నీ చెయ్యి. చెవి దగ్గర ఏం వెతుకుతోంది?"

మనవాడు చెయ్యి దించేశాడు. అతనికి నెలనెలా నున్నగా కత్తిరించే జుట్టు. చెవుల దగ్గర దువ్వెన పెట్టడానికి కూడా పనుండదు.

"దురద."

"దురదైతే గోకుతారు. నువ్వు లేని జుట్టుని చెవి వెనక్కి తోస్తున్నావు. నాలుగు రోజులుగా చూస్తున్నాను. పైగా ఆ తల పక్కకి వంచడం ఒకటి, మాటకి ముందు బుగ్గ పొంగించి ఉఫ్ అనడం ఒకటి. ఇవి నీ కండరాలు కావు. ఎవరివి?"

"ఎవరివీ కావు."

"సరే" అంది అక్క కూర వడ్డిస్తూ. "ఆ ఎవరూ కాని అమ్మాయిని ఒకసారి ఇంటికి తీసుకురా. కనీసం మెడ నొప్పి ఉందేమో చూస్తాను. ఆ వంపు అంత మంచిది కాదు."

బావ పొలమారి నీళ్లు తాగాడు. మనవాడు లేచి వెళ్లిపోయాడు. గదిలో అద్దం ముందు నిలబడి ఇదంతా అక్క చాదస్తమని తీర్మానించుకుని, బుగ్గ పొంగించి ఉఫ్ అన్నాడు.

రెండు రోజుల తరవాత రాక్షసరాజు చావాల్సి వచ్చింది. ఆఖరి డైలాగు. అందరూ నన్ను చూసి భయపడ్డారే గానీ, అన్నం తిన్నావా అని అడిగినవాడు లేడు అంటాడు రాక్షసుడు. మనవాడు చదివాడు. బస్సులో పక్కన కూర్చున్న మాట గుర్తొచ్చిందో ఏమో, గొంతు దానంతటదే కిందికి దిగింది. మాటలు మెత్తగా, విడివిడిగా, చివర కొంచెం సాగి వచ్చాయి. అచ్చం మనిషి మాట్లాడినట్టే.

ఎదుట ఉన్న అమ్మాయి వెటకారం చేయలేదు. అతన్నే చూస్తూ ఉండిపోయింది. మొహంలో ఏదో వచ్చి, తప్పు చేసి దొరికిపోయినట్టు వెంటనే వెళ్లిపోయింది.

"బాలేదా అండి?" అన్నాడు మనవాడు.

"బాగుంది." ఆమె కాఫీ కప్పులోకి చూసింది. "ఇలాగే మాట్లాడండి. ఏమీ మార్చకండి."

గురువుగారి నోట బాగుంది అన్న మాట రావడం అదే మొదటిసారి. మనవాడు ఆ మధ్యాహ్నం అంతా తన అనువాదాల్లో పార్సిళ్లను తప్పు అరల్లోకి పంపాడు.

*

పెద్ద కాల్ రోజు రానే వచ్చింది. మేనేజర్‌కి జపనీస్ ముక్క రాదు. అందుకని ఎందుకైనా మంచిదని కింది అంతస్తు కంపెనీని బతిమాలి ఆ అమ్మాయిని కూడా కాల్‌లో కూర్చోబెట్టాడు. కెమెరా, మైకు ఆఫ్. మనవాడు మరీ మునిగిపోతే ఒడ్డుకి లాగడానికి.

తెరమీద ఎనిమిది తొమ్మిది చదరాలు. వాటిలో బిగుసుకుని కూర్చున్న జపాన్ మొహాలు. మూలన ఒక నల్ల చదరం, అది గురువుగారు. పెద్దాయన వాన గురించి మొదలుపెట్టాడు. పొద్దున గొడుగు రైల్లో మర్చిపోయాడట.

మనవాడు బుగ్గ పొంగించి ఉఫ్ అన్నాడు.

"అయ్యో, మాజి? ఆ వానలోనా? యబాయ్! నేనైతే అక్కడే కూర్చుని ఏడ్చేసేవాడిని" అన్నాడు జపనీస్‌లో, తల పక్కకి వంచి, చూపుడువేలితో చెవి వెనక సర్దుకుంటూ.

చదరాల్లో కళ్లు పెద్దవయ్యాయి. ఆ తరవాత ఒక చదరంలో ఎవరో ఫక్కున నవ్వారు. ఇంకో చదరం అందుకుంది. చూస్తుండగానే తెరంతా కడుపు పట్టుకుని నవ్వుతోంది. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. మేనేజర్ మాత్రం ఇదంతా విజయమే అనుకుని మనవాడికి బొటనవేలు ఎత్తి చూపించాడు.

మనవాడు బిక్కచచ్చిపోయాడు. కళ్లముందు కిటికీ లేని గది, కన్వేయర్ బెల్టు, అందులో పెట్టరాని వేలు కనబడ్డాయి.

"తప్పుగా అనుకోకండి" అన్నాడు పెద్దాయన తేరుకుని. "మీకు మా భాష నేర్పింది మీ గర్ల్‌ఫ్రెండేనా?"

"ఏమిటండి?"

"మా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో అప్పుడప్పుడూ చూస్తుంటాం. పుస్తకం దగ్గర నేర్చుకున్నవాడు పుస్తకంలా మాట్లాడతాడు. ఇష్టమైన మనిషి దగ్గర నేర్చుకున్నవాడు ఆ మనిషిలాగే మాట్లాడతాడు. మీరిప్పుడు అచ్చం ఒక అమ్మాయిలా మాట్లాడారు. ఏదో ఒక అమ్మాయిలా కాదు. ఎవరో ఒక్క అమ్మాయిలా. ఆ చెయ్యి కూడా ఆమెదే కదా?"

మనవాడు తన చేతి వంక చూసుకున్నాడు. అది ఇంకా చెవి దగ్గరే ఉంది. అక్క చెప్పినప్పుడు నమ్మలేదు. సముద్రం అవతల గొడుగు పోగొట్టుకున్న ముసలాయన చెబితే నమ్మక తప్పలేదు. తాను ఆ అమ్మాయిని ప్రేమిస్తున్నాడు. ఆ సంగతి తనకి తప్ప తన చేతికీ, మెడకీ, బుగ్గకీ ఎప్పుడో తెలుసు.

"ఆమె మీ గర్ల్‌ఫ్రెండేనా?" పెద్దాయన వదల్లేదు.

ఇలాంటప్పుడు నేర్చుకున్న యాసంతా ఎటో పారిపోతుంది. మనవాడు నిటారుగా కూర్చున్నాడు. పాత గొంతు వచ్చేసింది. దయచేసి వినండి గొంతు.

"ఇంకా కాదండి" అన్నాడు.

తెరమీద చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలో మనవాడికి మూలనున్న నల్ల చదరం గుర్తొచ్చింది. అతను చూసేలోపే అది మాయమైంది.

*

కాల్ అయ్యాక మేనేజర్ అతన్ని కౌగిలించుకున్నంత పని చేశాడు. పెద్దాయన బ్రిడ్జ్‌గా ఇతనే కావాలని అప్పుడే మెయిల్ పెట్టాడట. ఇన్నాళ్లకి ఒక మనిషితో మాట్లాడినట్టుందన్నాడట. మనవాడు ఆ మాటలు సగమే విని మెట్ల మీద పరిగెత్తాడు. లిఫ్ట్ కోసం ఆగలేదు. అందులో అంతా మొదలైందన్న కోపం కూడా కొంత ఉంది.

ఆ అమ్మాయి మెట్ల మలుపులో, కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఇలాంటి కథల్లో ఇప్పుడు వాన పడాలి. పడుతోంది.

"మీకు తెలుసా?" అన్నాడు మనవాడు రొప్పుతూ.

"ఏది?"

"నేను మీలా మాట్లాడుతున్నానని. అందరూ నవ్వుతారని. గురువుగారికి తెలియకుండా ఉంటుందా?"

ఆమె వానవైపు తిరిగింది. "తెలుసు."

"ఎప్పటినుంచి?"

"రాక్షసరాజు చచ్చిన రోజునుంచి."

"మరి చెప్పలేదేం?" అన్నాడు. గొంతు పెరిగింది. బతుకులో మొదటిసారి, మెసేజ్ పెట్టకుండా, మనవాడు అరిచాడు. "నా ఉద్యోగం పోయేది! ఆ బేస్‌మెంట్‌లో పడి ఉండేవాణ్ని! ఒక్క మాట చెబితే సరిదిద్దుకునేవాణ్ని కదా!"

"అందుకే చెప్పలేదు" అందామె. వెటకారం ఎక్కడా లేదు. "చెబితే మానేస్తారు. రోజూ మధ్యాహ్నం నాకెదురుగా ఒక మనిషి కూర్చుని, నేను ఎలా నవ్వుతానో, ఎలా ఉఫ్ అంటానో అంతా దాచుకుని, మళ్లీ నాకే చూపించేవాడు. నన్ను అంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు. అది పోతుందని భయమేసింది. తప్పే. మీ ఉద్యోగంతో ఆడుకున్నాను. ఇవాళ ఆ నవ్వులు వింటుంటే మీ బేస్‌మెంట్ కుర్చీయే గుర్తొచ్చింది. సారీ."

మనవాడి కోపం ఎటు పోయిందో అతనికే తెలియలేదు.

"కాల్‌లోంచి వెళ్లిపోయారేం?"

"ఎక్కడో ఉన్న తొమ్మిదిమందికి ముందు చెప్పి, నాకు చివర్లో చెబితే కోపం రాదా? అదీ స్టేషన్ గొంతుతో!"

"మీకు చెప్పాలంటే మాట రావడంలేదండి."

"ఏ భాషలో?"

"ఏ భాషలోనూ."

ఆమె బుగ్గ పొంగించి ఉఫ్ అంది. "ఆఖరి పాఠం. నా మొహం చూసి చెప్పండి. బోర్డు చూసి కాదు."

మనవాడు చూశాడు. తడిసిన కిటికీ వెలుతురు ఆమె మొహం మీద పడుతోంది. జుట్టు ముందుకు జారి ఉంది, ఈసారి ఆమె దాన్ని సర్దుకోలేదు.

"నువ్వంటే నాకిష్టం" అన్నాడు.

అంతే. పెద్ద పరీక్ష పాసైనవాడు చెప్పింది ఆ రెండు మాటలే.

"మాజి?" అంది ఆమె.

"మాజి."

*

ఆదివారం బెల్లు మోగితే అక్క తలుపు తీసింది. గుమ్మంలో ఒక అమ్మాయి. వెనక మెట్ల దగ్గర స్కూటర్‌కి తాళం వేస్తున్న తమ్ముడు ఇంకా పైకి రాలేదు. ఎవరూ పరిచయం చేయలేదు. ఎవరూ పేరు చెప్పలేదు.

అమ్మాయి కంగారుగా తల పక్కకి వంచి, జుట్టు చెవి వెనక్కి తోసుకుంది.

"రా అమ్మా రా" అంది అక్క నడుం మీద చెయ్యి వేసుకుని. "ఇన్నాళ్లూ ఇంట్లో జిరాక్సు తిరుగుతుంటే చూసి చూసి విసిగిపోయాను. ఒరిజినల్ వచ్చావు, సంతోషం."

మామూలుగా అయితే ఆ అమ్మాయి దగ్గర దీనికి మూడు జవాబులుండేవి. ఇవాళ ఒక్కటీ రాలేదు. చేతిలోని పండ్ల సంచిని ఒంటికి అతుక్కుపోయినట్టు పట్టుకుని, నిటారుగా నిలబడి, గొంతు సవరించుకుంది.

"నమస్కారమండి. తమ ఆహ్వానానికి నేను సర్వదా కృతజ్ఞురాలిని" అంది, ఒక్క అక్షరం నలగకుండా.

మెట్లెక్కి వస్తున్న మనవాడు అక్కడే ఆగిపోయాడు. లోపల బావకి మళ్లీ పొలమారింది.

అక్క ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పండ్ల సంచి అందుకుంది. "వైద్యం చేసినా లాభం లేదు. ఇద్దరికీ అంటుకుంది. పదండి, అన్నం తిందాం."